పన్నెండడుగుల నీళ్ళు

ఏప్రిల్ మొదట్లో వద్దన్నాడాయన. పోయిన వారం మనం ఆ మాట దగ్గరే ఆగాం.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం వెనకటి సంగతి కాస్త చెప్పాలి. ఇరవయ్యారేళ్ళుగా మునిసిపల్ స్విమ్మింగ్ పూల్‌లో ఆడవాళ్ళకీ పిల్లలకీ ఈత నేర్పుతున్న ఈత టీచరు ఇంతవరకూ సముద్రం చూడలేదు. అడుగున పరిచిన పలకలు మార్చడానికి పూల్‌ని ఏప్రిల్ ఒకటి నుంచి అయిదు వారాలు మూసేస్తున్నామని నోటీసు అంటించిన రోజే ఆమె ఒక ఊరు ఎంచుకుంది. ఎడారి నేరుగా వచ్చి సముద్రంలోకి దిగే ఊరు. పదేళ్ళ కిందట జాలర్ల గుడిసెలు తప్ప ఏమీ లేని చోట ఇప్పుడు నాలుగు గెస్ట్‌హౌసులూ, ఒక చెక్క జెట్టీ, డైవింగ్ నేర్పే స్కూలు ఒకటీ వెలిశాయి. ఒడ్డు నుంచి నలభై అడుగులు నడిస్తే పగడాల దిబ్బ మొదలవుతుందిట. దాని అంచు దాటితే ఇక కింద నేల కనిపించదుట. ఆ "నేల కనిపించదు" అన్న ముక్క చదివే ఆమె మనసు పారేసుకుంది.

భర్త లిఫ్టు మెకానిక్. నీళ్ళంటే భయం. ఇరవై రెండేళ్ళ కాపురంలో పూల్ మెట్టు మీద కాలు పెట్టి ఎరగడు. "సముద్రంలో ఏముంది, ఉప్పునీళ్ళు" అని ప్రతి ఏడూ దాటేస్తూ వచ్చినవాడు, ఈసారి ఎందుకో సరేనన్నాడు. ఇద్దరూ కలిసి ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్ళారు. టికెట్లావిడ కంప్యూటర్లో చూసి, ఏప్రిల్ మొదటి వారం బాగుంటుంది, జనం తక్కువ అంది. అంతసేపూ గోడ మీది కేలండర్ చూస్తూ కూర్చున్న ఆయన అప్పుడు నోరు తెరిచాడు.

"మొదట్లో వద్దు. ఎడారి గాలి అప్పుడే తిరుగుతుంది. ఇసుకంతా సముద్రం మీదికి కొట్టుకొస్తుంది. నీళ్ళలో మన చెయ్యి మనకే కనపడదు. ఇరవయ్యో తారీకు దాటాలి."

"సార్ అక్కడికి వెళ్ళారా?" అంది టికెట్లావిడ సంబరంగా.

"లేదు. ఎక్కడో చదివాను."

అదీ సంగతి.

*

బయటికొచ్చాక ఆమె ఏమీ అడగలేదు. బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. ఆమె ఒళ్ళో ఆ ఊరి బొమ్మల పుస్తకం ఉంది. ఇద్దరూ దాన్ని చూడకుండా కిటికీలోంచి చూస్తున్నారు.

ఆయన ఏం చదువుతాడో ఆమెకి తెలీదా? కంపెనీవాళ్ళు పంపే సర్క్యులర్లు, పేపర్లో చివరి పేజీ, మందు సీసా మీద గడువు తారీకు. ఆ మూడింట్లోనూ ఎడారి గాలి గురించి ఎవరూ రాయరు.

మార్కెట్ స్టాపు రాగానే ఆయన లేచాడు. "బట్టల బిల్డింగులో లిఫ్టు మూడో అంతస్తులో ఆగిందిట. చూసొస్తా" అన్నాడు. ఫోను మోగలేదు, ఎవరూ పిలవలేదు. లిఫ్టు ఆగిన సంగతి ఆయనకి ఎలా తెలిసిందో ఆమె అది కూడా అడగలేదు. అడగాల్సినవి ఒకదాని మీద ఒకటి పేరుకుపోతున్నాయి.

ఇంట్లో అత్తగారు మంచం మీద పెట్టె తెరిచి పెట్టుకుని కూర్చుంది. వీళ్ళు తిరిగొచ్చేదాకా కూతురి ఇంట్లో ఉండబోతోంది. ప్రయాణం ఇంకా నెలరోజులున్నా అప్పుడే రెండుసార్లు సర్ది మూడోసారి విప్పింది.

"అత్తయ్యా, మా పెళ్ళి కాకముందు ఆయన ఎక్కడ పనిచేశారు?"

అత్తగారు మడత పెడుతున్న దుప్పటి మోకాళ్ళ మీదే ఉండిపోయింది. "ఇన్నేళ్ళకి ఇప్పుడెందుకే ఆ గొడవ?"

"ఊరికే."

"ఊరికే అడిగే మొహమా అది?" అత్తగారు దుప్పటి అంచు వేళ్ళతో సాపు చేసింది. "దూరాన. రెండేళ్ళు. వాళ్ళ నాన్న పడిపోయారని కబురు పెట్టి పిలిపించాను. ఇంటికొచ్చిన రోజు వాడి జుట్టు నిండా ఉప్పే, అమ్మాయ్. మూడుసార్లు సబ్బు పెట్టి నేనే కడిగాను. కడుగుతుంటే చిన్నపిల్లాడిలా ఏడిచాడు. కళ్ళలో సబ్బు పడిందన్నాడు." దుప్పటి మళ్ళీ మడత పెట్టడం మొదలుపెట్టింది. "అంతకు మించి నన్నడక్కు. వాడి నోటితో వాడే చెప్పాలి."

*

మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పూల్ మూసి ఉంటుంది. నీళ్ళలో మందు కలిపేదీ, ఫిల్టరు కడిగేదీ అప్పుడే. ఆ మూడు గంటలూ ఈత టీచరు సొంతం. వాచ్‌మన్ గేటు దగ్గర కుర్చీలో కునుకు తీస్తుంటాడు. పంపు గదిలోంచి సన్నగా గుయ్యిమని మోత. రేకుల కప్పు సందుల్లోంచి ఎండ పట్టీలు పట్టీలుగా నీళ్ళ మీద పడి ఊగుతుంటుంది.

ఎవరూ లేని ఆ వేళ ఆమెకో అలవాటు. లోతు వైపు, గోడ మీద 12 అని నల్లరంగుతో రాసి ఉన్న చోట దిగి, అడుక్కి వెళ్ళి, వెల్లకిలా పడుకుని పైకి చూస్తుంది. పైన వెలుగు ముక్కలై కదుల్తుంటుంది. ఆమె ఊపిరి నిమిషంపావు ఆగుతుంది. కానీ ఊపిరి కంటే ముందే ఆమెని నేల ఆపేస్తుంది. పన్నెండడుగులు దిగేసరికి వీపుకి పలకలు తగులుతాయి. ఏ పలక పెచ్చు ఊడిందో, ఏ సందులో పాకుడు పట్టిందో ఆమెకి కళ్ళు మూసుకున్నా తెలుసు. ఎన్ని వందలమందిని ఆ నీళ్ళు దాటించిందో లెక్కలేదు. తను మాత్రం ఆ నేల దాటలేదు. నేల లేని నీళ్ళు ఎలా ఉంటాయని ఎవరినన్నా అడగాలని ఉండేది. ఎవర్ని అడుగుతుంది? తనకి తెలిసినవాళ్ళంతా తను ఈత నేర్పినవాళ్ళే.

ఆ రోజు ఆమె దిగలేదు. గట్టు మీద కూర్చుని, పిల్లలు మునిగి ఏరుకొచ్చే రబ్బరు రింగుల్ని ఊరికే ఒక తాడుకి గుచ్చుతోంది.

ఒంటిగంటన్నరకి గేటు కిర్రుమంది. పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకుని ఆయన వచ్చాడు. వాచ్‌మన్ ఉలిక్కిపడి లేచి నమస్కారం పెట్టాడు, ఎవరో ఆఫీసరనుకుని. అతను అక్కడ పన్నెండేళ్ళుగా ఉన్నాడు. టీచరమ్మ భర్తని ఇదే చూడ్డం.

"లిఫ్టు బాగైందా?" అంది ఆమె తలెత్తకుండా.

"లిఫ్టేం పాడవలేదు."

"తెలుసు."

ఆయన సంచీ కింద పెట్టాడు. కళ్ళజోడు తీసి, మడిచి, జేబురుమాల్లో చుట్టి సంచీలో పెట్టాడు. తాళాలు, ఫోను, చేతి గడియారం. చొక్కా విప్పి మడత పెట్టాడు. బూట్లు పక్కపక్కన పెట్టి, లోపల మేజోళ్ళు కుక్కాడు. ఆమె రింగులు పక్కన పెట్టి చూస్తోంది. ఆయన నడుచుకుంటూ వెళ్ళి షవర్ కింద నిలబడ్డాడు. స్నానం చెయ్యకుండా నీళ్ళలో దిగరాదు అని ఆమె రాయించిన బోర్డు కిందే. తడిసిన బనియనుతో, తడిసిన ప్యాంటుతో తిరిగొచ్చి, 12 దగ్గర గట్టు మీద కూర్చున్నాడు.

"లోతు వైపు కూర్చోకండి" అంది ఆమె. ఇరవయ్యారేళ్ళ అలవాటు నోటికి అడ్డం వచ్చింది. "మీకు ఈత రాదు."

ఆయన ఊపిరి తీసుకుంటున్నాడు. పీల్చేదాని కంటే వదిలేది ఎక్కువసేపు. మళ్ళీ. మళ్ళీ. భుజాలు కిందికి జారాయి. ఆఖరిసారి పొట్ట నిండా, ఛాతీ నిండా పీల్చి, గట్టు మీంచి నీళ్ళలోకి జారాడు. చప్పుడు కాలేదు. చుక్క పైకి లేవలేదు.

ఆమె చెయ్యి తనకి తెలీకుండానే మెడలో ఉన్న స్టాప్‌వాచీ నొక్కింది.

దిగుతూ ఆయన రెండుసార్లు ముక్కు నొక్కుకున్నాడు, చెవుల్లో ఒత్తిడి పోవడానికి. నేర్పకుండా ఎవరికీ అది తట్టదు. అడుక్కి వెళ్ళి, బాసింపట్టు వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఇంట్లో వరండాలో పేపరు చదవడానికి కూర్చున్నట్టే.

ముప్ఫై సెకన్లు. యాభై.

ఆమె లేచి నిలబడింది. నిమిషం అయింది. నిమిషంపావు, అంటే తన హద్దు, దాటింది. కింద ఆయన కదల్లేదు. మునుగుతున్న మనిషి ఎలా ఉంటాడో ఆమెకి తెలుసు. చేతులు దేవుకుంటాయి, మెడ బిగుసుకుంటుంది. ఈయన మెడ మెత్తగా ఉంది. రాత్రి పడుకున్నప్పుడు కూడా ఆ మొహం అంత తేటగా ఉండగా ఆమె చూడలేదు. దూకాలని ఒక కాలు ముందుకేసి, ఆగిపోయింది. దూకితే ఆయన్ని కాపాడినట్టుండదు. నిద్ర లేపినట్టుంటుంది.

నిమిషం నలభై. రెండు.

రెండు నిమిషాల తొమ్మిది సెకన్లకి ఆయన నేలని మెల్లిగా తన్ని పైకి లేచాడు. వచ్చేటప్పుడు ఒక చెయ్యి తల మీదికి చాచి ఉంచాడు, పైన పడవ ఉంటే తల కొట్టుకోకుండా. పూల్‌లో పడవెక్కడిది?

ఆ చెయ్యి చూసి ఆమె మళ్ళీ గట్టు మీద కూర్చుంది.

ఆయన గట్టు పట్టుకుని, గొంతు చప్పుడు రాకుండా రెండుసార్లు గాలి పీల్చి, మూతి తుడుచుకున్నాడు.

"చప్పగా ఉన్నాయి నీళ్ళు" అన్నాడు.

*

ఆమె స్టాప్‌వాచీ ఆపింది. "ఎవరు నేర్పారు?"

ఆయన గట్టెక్కి ఆమెకి మూరెడు దూరంలో కూర్చున్నాడు. కాళ్ళు నీళ్ళలోనే వదిలేశాడు.

"నువ్వు ఎంచుకున్నావే, ఆ ఊళ్ళోనే. అప్పుడది ఊరు కాదు. అక్కడికి కాస్త అవతల సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే ప్లాంటు కడుతుంటే పైపులు బిగించే పనికి వెళ్ళాను. ఇరవయ్యారేళ్ళవాణ్ణి. పగలంతా ఇసుక, ఇనుము. చెయ్యి వేస్తే బొబ్బలెక్కేవి. సాయంత్రం నాలుగింటికి పని దిగ్గానే అందరూ రేకుల షెడ్డులో పేకాటకి కూర్చునేవాళ్ళు. నాకు పేకాట రాదు కదా, ఒడ్డుకి వెళ్ళేవాణ్ణి. అక్కడో ముసలాయన పడవకి రంగు వేసుకుంటుండేవాడు."

"జాలరా?"

"మునిగి చేపలు పట్టేవాడు. సిలిండరూ లేదు, గొట్టమూ లేదు. నడుముకో తాడు, చేతిలో బరువైన రాయి. వారం రోజులు నన్ను చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఎనిమిదో రోజు నా చేతిలో ఒక బ్రష్షు పెట్టాడు. పడవంతా రంగు వేయించుకుని, అప్పుడు ఎక్కమన్నాడు."

ఆమెకి నవ్వొచ్చినంత పనైంది. ఆపుకుంది.

"దిబ్బ అంచు దాకా తీసుకెళ్ళి నన్ను నీళ్ళలో దింపాడు. కింద ఏముందో వెతక్కు, ఊరికే ఉండు అన్నాడు. అంతే పాఠం. రెండేళ్ళూ అదొక్కటే నేర్పాడు. ఊరికే ఉండటం." ఆయన చూపు నీళ్ళలో ఉంది. "ఆ అంచు మీద కూర్చుంటే కింద నీలం. దాని కింద ఇంకో నీలం. దాని కింద ఉన్నదానికి పేరు లేదు. ఆఖర్లో మూడున్నర నిమిషాలు ఉండగలిగేవాణ్ణి. పైకి రావాలనిపించేది కాదు. ఉండిపో అన్నాడాయన. నాకు కొడుకుల్లేరు, పడవ నడిపే చెయ్యి కావాలి అన్నాడు. ఉంటానన్నాను. ఉత్తమాటకి అన్లేదు. నిజంగానే ఉండిపోదామనుకున్నాను."

"మామయ్యగారు పడిపోయారు."

"అమ్మ చెప్పిందా?"

"ఉప్పు సంగతి చెప్పింది."

ఆయన తల ఊపాడు. "వారంలో వస్తానని చెప్పి బయల్దేరాను. బట్టలు కూడా తెచ్చుకోలేదు, దండెం మీదే వదిలేసి వచ్చాను. నాన్న మూడేళ్ళు మంచంలో ఉన్నారు. చెల్లెలికి పెళ్ళి కాలేదు. లిఫ్టుల కంపెనీలో చేరాను. ఆయనకి ఒక్క ముక్క రాయలేదు. రాద్దామని కూర్చుంటే ఏం రాయాలో తోచేది కాదు. రాలేనని రాస్తే నిజమైపోతుంది కదా."

పంపు ఆగింది. ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దమైపోయింది. ఆయన గడ్డం మీంచి చుక్కలు నీళ్ళలో పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

ఈ ప్రశ్న కోసమే వచ్చాడాయన.

"నీతో పెళ్ళి మాటలు నడుస్తున్నప్పుడు, అమ్మాయి ఈత నేర్పుతుందిరా అని అమ్మ చెప్పింది. వద్దందామనుకున్నాను. నిన్ను చూశాక అనలేకపోయాను. పెళ్ళయిన మూడో రోజు నువ్వే అడిగావు, మా పూల్‌కి వస్తారా అని. నీళ్ళంటే భయం అనేశాను. ఆ పూటకి గడిస్తే చాలనుకున్నాను. ఆ అబద్ధానికి ఇప్పుడు ఇరవై రెండేళ్ళు. మనమ్మాయి కంటే పెద్దది."

ఆమె నవ్వలేదు.

"పూర్తి అబద్ధం కూడా కాదు" అన్నాడు మెల్లగా. "భయం నిజమే. ఒక్కసారి తల ముంచితే అమ్మనీ, మంచంలో ఉన్న నాన్ననీ, నిన్నూ, అందర్నీ వదిలేసి పోతానేమోనని భయం. రోజూ నువ్వు ఇంటికొచ్చేదానివి, జుట్టు నిండా ఈ మందు వాసనతో. పక్కకి తిరిగి పడుకునేవాణ్ణి. నీకు కోపం వచ్చేది."

"నేనేమనుకునేదాన్నో తెలుసా?" ఆమె ఆయన వైపు తిరిగింది. "ఆ వాసన మీకు పడదనుకునేదాన్ని. నిమ్మకాయలు పెట్టి రుద్దుకునేదాన్ని, ఇరవై రెండేళ్ళు."

ఆయన ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె వెనక్కి తీసుకుంది.

"అక్కడ ఎవరినో ప్రేమించి వచ్చారంటే నాకింత కష్టంగా ఉండేది కాదండీ. ఏడిచి, నాలుగు తిట్టి, మర్చిపోయేదాన్ని. ఎన్నిసార్లు అడిగాను మిమ్మల్ని? నీళ్ళు అంత ఉప్పగా ఉంటే కళ్ళు మండవా అని. కింద చీకటిగా ఉంటుందా అని. పిచ్చిదానిలా అడిగేదాన్ని, మీకూ తెలీదనుకుని. ఇద్దరం తెలియనివాళ్ళమే కదా అని కాస్త ధైర్యంగా కూడా ఉండేది. టీవీలో చేపలొస్తే చానెల్ మార్చేసేవారు. నాకు లేనిది మీ దగ్గరుంది. పెట్టెలో పెట్టి తాళం వేసుకుని, నా పక్కనే కూర్చుని, ఏముంది ఉప్పునీళ్ళు అన్నారు." కళ్ళు తుడుచుకుంది. "తీసుకెళ్ళకపోయినా పోనీ. కూర్చోబెట్టి చెప్పినా సరిపోయేది. విని బతికేదాన్ని."

ఆయన తల వంచుకున్నాడు. తప్పు చేసినవాళ్ళు ఏదో ఒకటి అంటారు కదా, ఆయన ఏమీ అనలేదు. అందుకే ఆమెకి ఇంకా కోపం వచ్చింది. ఆ కోపంలోంచే, ఆమె అడగాలనుకోని ప్రశ్న బయటికొచ్చింది.

"అయితే ఇప్పుడు చెప్పండి. కింద చప్పుడు ఎలా ఉంటుంది?"

"చప్పుడా?"

"ఇక్కడ పంపు మోత వినిపిస్తుంది. అక్కడ?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "చిటపటలాడుతుంటుంది. దూరంగా ఎవరో ఎండుపుల్లలు విరుస్తున్నట్టు. ఒకళ్ళు కాదు, వెయ్యిమంది. రొయ్యలంటాడు ముసలాయన. ఇంత రొయ్య కూడా చిటికె వేస్తుందిట. మొదటిరోజు పైనెక్కడో వంట చెరుకు అంటుకుందేమో అనుకుని గాభరాగా పైకొచ్చేశాను. ఆయన పడవలో పడి పడి నవ్వాడు."

ఆమె కూడా కళ్ళు మూసుకుంది. "ఇంకా?"

"సాయంత్రం అయిదున్నరకి ఎండ ఏటవాలుగా దిగుతుంది. అప్పుడు చేపలన్నీ ఒకేసారి మొహం తిప్పుతాయి. ఎందుకో ఎవరికీ తెలీదు."

"ఇంకా?"

చెప్పాడు. ఒడ్డున ఎడారి పగలంతా కాగి, సాయంత్రం గాలి ఇటు తిరిగితే నీళ్ళ మీదికి కాలిన ఇసుక వాసన వచ్చేదని చెప్పాడు. ఒళ్ళంతా చల్లగా ఉండి మొహం ఒక్కటే వెచ్చగా ఉండేదట. దిబ్బ అంచు మీంచి మొదటిసారి చేతులు వదిలిన రోజు, పడిపోతాననుకున్నాడుట. పడలేదు. నీళ్ళు ఎత్తుకున్నాయి. ఆయన అంతసేపు మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. వింటుంటే ఆ చోటికి వెళ్ళాలన్న ఆశ ఆమెకి గట్టిగా తగిలింది. అంతకంటే కొత్తది ఇంకొకటి కూడా తగిలింది. ఇలా మాట్లాడే ఈ మనిషిని ఇన్నేళ్ళూ తను చూడలేదు. ఆయన్ని చూడాలని ఉంది. ఉప్పు పట్టిన జుట్టుతో, ఇరవయ్యారేళ్ళ వయసులో కాకపోయినా, ఈ వయసులోనే అయినా.

"మరి ఈసారి సరేనని ఎందుకన్నారు?"

"ప్రపంచంలో ఇన్ని సముద్రాలుండగా నువ్వు ఆ ఊరే పట్టుకొచ్చావు. వద్దనడానికే నోరు తెరిచాను. సరే అని వచ్చింది."

"వెళ్ళాలని ఉందా?"

"ఉంది."

వెంటనే అనేశాడు. ఇంత త్వరగా ఆయన దేనికీ జవాబు చెప్పడు. తర్వాత ఆమె వైపు తిరిగి, తడిచేతుల్ని ఒకదాన్నొకటి పట్టుకుని, నెమ్మదిగా అన్నాడు.

"అందుకే ఇదంతా చెప్తున్నాను. దాచిపెట్టి నిన్ను తీసుకెళ్ళలేను. నేనక్కడికి వెళ్తే తిరిగొస్తానని నీకు మాటివ్వలేను. ముసలాయన ఉన్నాడో లేడో తెలీదు. ఉంటే ఏం చేస్తానో తెలీదు, లేకపోతే ఏమైపోతానో అదీ తెలీదు. వారంలో వస్తానని ఒకసారి మాటిచ్చి తప్పాను. ఇంకోసారి ఉత్తమాట ఇవ్వను. నువ్వు వద్దంటే ఆగిపోతాను. ఇక్కడే ఉండి, లిఫ్టులు చూసుకుంటాను. ఆ తర్వాత నిన్నేమీ అనను."

ఆమెకి అర్థమైంది. వద్దంటే ఆగుతాడు. నిజంగానే ఏమీ అనడు. ఇన్నేళ్ళూ ఏమీ అనలేదు కదా.

*

రెండున్నర కూడా కాలేదు, గేటు దగ్గర సందడి. ఆడవాళ్ళ బ్యాచీలో రెయిలింగు మేడమ్ అరగంట ముందే వచ్చేసింది. ఏడు నెలలుగా నేర్చుకుంటూ ఇంకా రెయిలింగు వదలని బ్యాంకు ఉద్యోగస్తురాలు ఆవిడ. అసలు పేరు చాలామందికి తెలీదు.

తడి బనియనుతో, తడి ప్యాంటుతో గట్టు మీద కూర్చున్న మెకానిక్‌ని చూసి ఆవిడ మొహం విప్పారింది.

"అయ్యో టీచర్! ఆఖరికి సార్‌ని కూడా దింపేశారా? భయం పోయిందా సార్? నాకూ అలాగే ఉండేది. మొదట్లో రెయిలింగు గట్టిగా పట్టుకోండి, సిగ్గుపడకండి. అంతా అదే అలవాటవుతుంది."

"అలాగేనమ్మా" అన్నాడాయన వినయంగా.

ఆవిడ బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళేదాకా ఇద్దరూ బిగబట్టుకుని కూర్చున్నారు. తలుపు మూసుకోగానే ఆమెకి నవ్వు తన్నుకొచ్చింది. ఆయనకీ వచ్చింది. భుజాలు కదిలిపోయేలా నవ్వుకున్నారు. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆమె ఏడ్చేసింది. ఈసారి ఆయన చెయ్యి పట్టుకుంటే వెనక్కి తీసుకోలేదు.

ఆమె ఫోను మోగింది. టికెట్లావిడ.

"మేడమ్, సార్ చెప్పినట్టే ఇరవై ఒకటో తారీకుకి రెండు సీట్లు పట్టి ఉంచాను. మూడింటిలోపు ఖాయం చెయ్యకపోతే పోతాయి. వెయ్యమంటారా? తిరుగు ప్రయాణం ఎప్పటికి పెట్టమంటారు?"

ఆయన లేచి చొక్కా తొడుక్కుంటున్నాడు. ఫోనులో మాట ఆయనకీ వినిపిస్తోంది. బొత్తాల మీద వేళ్ళు ఆగాయి. అటు తిరిగే నిలబడ్డాడు, ఆమె ఏమన్నా తన మొహం కనపడకూడదని.

ఆమె ఆ వీపుని చూసింది. ఆ తర్వాత నీళ్ళని. రోజూ చూసే నీళ్ళే, అడుగున రోజూ చూసే పలకలే.

"వెళ్ళడానికి రెండు వెయ్యండి" అంది. "తిరిగి రావడానికి ఒకటి చాలు."

ఆయన గిరుక్కున ఇటు తిరిగాడు.

అటువైపు కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. "ఒకటేనా మేడమ్?"

"ఒకటే."

"సరే మేడమ్. మే మూడో తారీకుకి ఉంది, వేసేస్తున్నాను." మళ్ళీ టకటకమని చప్పుడు, మళ్ళీ ఆగింది. "ఎవరి పేరు మీద రాయమంటారు?"

అది వినేదాకా అందులో ఒక ప్రశ్న ఉందని ఆమెకి తట్టలేదు. ఆయన్ని వదిలిపెడుతున్నాననుకుంది, అంతే. ఇప్పుడు ఆ రెండు పేర్లూ నాలుక మీద పక్కపక్కన కూర్చున్నాయి. ఒకటి ఎంత బరువుందో రెండోదీ అంతే ఉంది. తలెత్తి చూసింది. ఆయన కళ్ళజోడు లేని కళ్ళు ఆమెనే చూస్తున్నాయి. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, అక్కడే ఉండిపోయేది ఆమేనేమో అన్న భయం వాటిలో కనిపించింది.

"మేడమ్, ఉన్నారా లైన్లో? పేరు చెప్పండి."

"ఉన్నాను" అంది ఈత టీచరు. "రాసుకోండి."